నడుమెత్తు గీత

పదహారు నెలల సంది
నా జేబుల ఒక తాళంచెవి బరువైతాంది.
హన్మకొండల, నాలా పక్క గల్లీ. నూటా ఇరవై గజాలు,
తూర్పు దర్వాజ, రెండు అర్రలు, మీద ఒక రేకుల షెడ్డు.
కాయితాలు సాఫు. లోను లేదు, లొల్లి లేదు.
అమ్ముడు మాత్రం పోతలేదు.

ఇరవై ఏడు పార్టీలకు చూపెట్టిన.
ఒకాయన కుళాయిలన్ని తిప్పి చూసిండు.
ఒకామె వంటింట్ల చేతులు చాపి
రెండు దిక్కుల గోడలు ముట్టి ఎల్లిపోయింది.
ఒక పంతులు దిక్సూచి పట్టుకొని
బాత్రూం కాడ ఆగి తల అడ్డంగ ఊపిండు.
అందరిది ఒకటే మాట, 'ఫోన్ చేస్తం మొగిలన్నా.'
మా దందాల
రాము అనెటందుకు అది మర్యాద పేరు.

అందరు చేసేదే నేనూ చేసిన.
గేటుకు నీలం రంగేయించిన, గుమ్మడికాయ కట్టిన.
అర్రలు పెద్దగ కొట్టాలని
పొద్దటి ఏటవాలు ఎండల ఫొటోలు తీయించిన.
బోర్డు మీద 'అర్జెంట్' అని రాసి
నాలుగు నెలలకు నాకే సిగ్గయి చెరిపేసిన.
లక్ష తగ్గించిన. ఇంకో లక్ష తగ్గించిన.
రేటు దిగిన కొద్ది
అనుమానం మెట్లెక్కింది.

అసలు సంగతి ముందటర్ర గోడ మీదుంది.
నా నడుమెత్తుల, ఈ మూల నుంచి ఆ మూలదాక
ఒక గీత.
ఆ యేడు నాలా పొంగి
రెండు రాత్రులు ఇంట్ల ఉండిపోయినప్పుడు
చేసిపోయిన సంతకం.
పుట్టీ పెట్టించిన, ప్రైమర్ కొట్టించిన,
మీద రెండు కోట్లు గంధం రంగు.
తొలకరి పడంగనే
చాయ్ గ్లాసు అడుగు మరకోలె మెల్లగ తేలింది.
పెయింటర్ సాంబయ్య నవ్విండు:
'ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లొస్త అన్నా.
గీత గూడ గంతే.'

పాత బీరువా అడ్డం పెట్టిన.
ఓ పార్టీ పిలగాడు, ఏడేండ్లుంటయేమో,
బీరువా ఎనక దూరి అరిచిండు:
'డాడీ, ఈ గోడకు బెల్టు పెట్టిండ్రు!'
అందరం నవ్వినం.
ఫోన్ రాలేదు.

ఇల్లుగలామె నఫీసా బీ.
చౌరస్తల కట్‌పీసుల దుకాణం.
రేటు ఇంకా తగ్గియ్యాలె అని చెప్పెటందుకు పోయి
రెండు చాయ్‌లు తాగిన, మాట బయటికి రాలే.
ఇల్లు కొనెటోనికి అబద్ధం చెప్పుడు అలకగనే ఉంటది,
అమ్మెటోల్లకు నిజం చెప్పుడే
నాలిక మీద రాయి.

ఆమెనే కత్తెర పక్కకు పెట్టింది.
'మొగిలీ, మరకున్న గుడ్డ నేనెట్ల అమ్ముతనో చూసినవా?
మడత మీదికే మరక తీసి పెడ్త.
దాచి అమ్మితే తెల్లారి వాపసొస్తది,
చూపెట్టి అమ్మితే
ఆమెనే కత్తిరించుకొని జాకిట్ కుట్టుకుంటది.'
ఇగ రేటు సంగతి:
'నువ్వు చెప్పినంతకు కాదు, నేననుకున్నంతకు గాదు.'
ఇద్దరం కాగితం మీద ఒక అంకె రాసి
చాన సేపు దాన్నే చూసినం.

బీరువా తీసేసిన.
గీత పక్కన పెన్సిల్‌తోని రాసిన,
'నీళ్లు ఇక్కడిదాక', కింద ఆ తారీఖు.
స్విచ్ బోర్డులు మూరెడు పైకి ఎక్కిపిచ్చిన.
ఇది నా కమీషన్ల కట్టు.

ఇరవై ఎనిమిదో పార్టీ
చిట్టీల ఆఫీసుల పనిచేసే మొగుడు పెండ్లాలు.
దర్వాజ తీయంగనే గీతనే చూపెట్టిన.
ఆమె గోడకు ఆనుకొని నిలవడి
చెయ్యితోని తన ఎత్తు కొలుసుకుంది.
'మళ్లొస్తయా నీళ్లు?'
'తెల్వదమ్మా' అన్న.
పదకొండేండ్ల దందాల
ఒక పార్టీ ముందట ఆ మాట అనుడు
అదే మొదటిసారి.
ఆయన రేకుల షెడ్డు దిక్కు చూసి
'మీదికి మెట్లు లోపల్నించా, బయట్నించా?' అన్నడు.
బియ్యం బస్తా ఎక్కడ పెట్టాల్నో
మనసుల లెక్కేస్తున్నడు.

పోయేటప్పుడు వాళ్లూ అన్నరు,
'ఫోన్ చేస్తం మొగిలన్నా.'

తాళమేసి గల్లీల నిలవడ్డ.
నాలాల నీళ్లు సన్నగ, మడిమ తడిసేటన్నే.
భద్రకాళి గుట్ట దిక్కు మబ్బు పట్టింది.
చెవి జేబులేసుకున్న.
ఫోను మాత్రం
చేతులనే పట్టుకొని నడిచిన.